కెమెరా వైపు చూసిన ఫ్రేములు

ఫిల్ము రోళ్ల చివరి రోజులు. సిరిసిల్లలో సాంచాలు, అంటే మరమగ్గాలు, ఆగిపోయి నేత కార్మికులు పని కోసం భివండి బస్సెక్కుతున్న ఎండాకాలం. కోరుట్ల స్టూడియో నుంచి నన్ను జగిత్యాల కెమెరా క్లబ్బుకు డార్క్‌రూమ్ మనిషిగా పంపారు. ఏడో తరగతిలో నేను బడిని వదిలేశాను. బడి కూడా నన్ను వెతకలేదు. క్లబ్బులో మాత్రం అందరూ చదువుకున్నవాళ్లే. హోదాలో నేను అందరికన్నా కింద. వాళ్లు తీసిన ఫొటోల్లో తప్పులు అందరికన్నా ముందు కనబడేది నాకే.

ప్రతి ఆదివారం ఎవరికి నచ్చిన ఫొటో వాళ్లు గోడకు పెట్టి, ఏ లెన్సు, ఎంత స్పీడు అని గంటలకొద్దీ మాట్లాడుకునేవారు. అధ్యక్షుడు వకీలు సాబ్ నియమం ఒకటుంది: మనిషి కెమెరా వైపు చూస్తే ఫొటో చెడినట్టే. రోలు కడిగాక అలాంటి ఫ్రేములు కోసి పారేయడం నా డ్యూటీ.

నేను చేరిన నెలలోనే ఆరుగురు సభ్యులు తంగళ్ళపల్లిలో సత్తయ్య అనే కార్మికుణ్ణి సాంచాల షెడ్డులో ఒక పూటంతా ఫొటోలు తీశారు. వకీలు సాబ్ ఫొటోకు చప్పట్లు కొట్టారు. కిటికీ వెలుగు ముందు నల్లటి నీడలా మనిషి, మెరిసే దారాలు.

రెండు నెలలకు సత్తయ్య భార్య రాజవ్వ బస్సు దిగి నేరుగా మీటింగుకే వచ్చింది. భివండి పోయిన భర్త కనబడటం లేదని తోటివాళ్లు కబురు పంపారట. ఇంట్లో ఉన్నది పద్దెనిమిదేళ్ల నాటి పెళ్లిఫొటో ఒక్కటే. ఠాణాలో ఇప్పటి ఫొటో తెమ్మన్నారు.

"ఆ దినం గన్ని తీసిండ్రు గద సారూ, ఒక్కటియ్యిండ్రి."

వకీలు సాబ్ గోడ మీది ప్రింటు చూపించాడు. "ఇది సిలౌట్ అమ్మా. మొఖం కనబడకపోవుడే దీని గొప్పతనం."

"మొఖం లేకుంటే మా ఆయనెట్లయితడు సారూ?"

ఆ ఆరుగురిలో ఒకరైన డాక్టరు గారు తన ఫొటో తెచ్చారు. రెండు చేతులు, ఒక దారపు కండె. నాకు ఒళ్లు మండింది.

"ఠాణల చేతులను పేరు పెట్టి పిలుస్తరా డాక్టర్ సాబ్?" అన్నాను.

ఆరు రోళ్లూ దీపం ముందు పెట్టి చూశాను. వెలుతురు పడని చోట నెగెటివ్ ఖాళీ గాజులా ఉంటుంది. అందులోంచి ముఖం తీయడం ఎవరి తరమూ కాదు. సత్తయ్య కెమెరా వైపు చూడకపోలేదు. కోసిన చోట్లు లెక్కపెట్టాను, తొమ్మిదిసార్లు చూశాడు. ఆ తొమ్మిదీ కోసింది నేను, చెత్తలో వేసిందీ నేనే.

బయటికొచ్చి ఆ మాటే చెప్పాను. "ఉండె చెల్లె. నేనే కోసి పారేసిన."

"వాడు పనోడమ్మా, వానికేం తెల్వది," అన్నాడు వకీలు సాబ్.

"తెల్వనోడే ఒప్పుకున్నడు. తెలిసినోళ్లు ఇంకా గోడనే చూపిస్తున్నరు," అని ఆమె చెప్పులేసుకుంది.

పెళ్లిఫొటోతోనే ఫిర్యాదు తీసుకున్నారు. సత్తయ్య దొరకలేదు. నీడ మాత్రం కరీంనగర్ పోటీకి పోయి ప్రైజు తెచ్చింది. వకీలు సాబ్ మిఠాయి పంచితే, "మొఖం లేని స్వీటేమన్న ఉందా సార్?" అని అడిగాను. ఆ వారమే నన్ను కోరుట్లకు తిప్పి పంపారు.

అక్కడ స్టూడియోలో నా చేతికీ కెమెరా వచ్చింది. రిటైరయ్యే దాకా ఒక పద్ధతి పాటించాను. ఎవరి షెడ్డులో కెమెరా తీసినా మొదటి ఫ్రేము వాళ్లది: ముఖం నేరుగా, రెండు చెవులూ కనబడేలా, ప్రింటు వాళ్ల చేతికి. కళ రెండో ఫ్రేము నుంచి. ఎవరు చెప్పినా నెగెటివ్ మీద కత్తెర పెట్టలేదు.