పాస్‌వర్డ్ ఇవ్వనన్న మనిషి

ఆసుపత్రిలో అందరూ ఆమెను తాళాలక్క అనేవారు. ఆమె దగ్గరున్నవి ఇనుప తాళాలు కావు. మూడో అంతస్తులో, ఏసీ హోరు ఆగని గదిలో సర్వర్ ఉండేది. రోగుల వివరాలన్నీ అందులోనే. పదకొండు శాఖల డాక్టర్లు, నర్సులు ఎక్కడివాళ్లక్కడ తమ కంప్యూటర్లలో పేరూ పాస్‌వర్డూ కొట్టి వాటిని చూసేవారు, రాసేవారు. ఎవరు చూడొచ్చో, ఎవరు మార్చొచ్చో అనుమతులిచ్చేది తాళాలక్క. పంతొమ్మిదేళ్లుగా అదే పని. అక్కడే డ్రైవరుగా ఉన్న సొంత అన్నయ్య "మీ వదిన రిపోర్టు ఒక్కసారి చూసి చెప్పవే" అంటే, "వదిన్నే డాక్టర్ని అడగమను" అని పంపేసిన జగమొండి.

ఒకరోజు ఒక శాఖలో, పడని ఇంజెక్షన్ ఇవ్వడంతో ఒక రోగికి ప్రాణం మీదికొచ్చింది. ఆ మందు అతనికి పడదని నర్సు పొద్దున్నే రికార్డులో రాసిపెట్టింది. డాక్టరు చూడకుండా ఇచ్చేశాడు. ఆ డాక్టరు సూపరింటెండెంటుకు మేనల్లుడు.

మర్నాడు సూపరింటెండెంటు స్వయంగా మూడో అంతస్తుకు వచ్చాడు.

"ఆ నర్సు పాస్‌వర్డ్ మార్చి నాకివ్వమ్మా. చిన్న సవరణ ఉంది."

"మీ పేరు మీదే చెయ్యండి సార్, ఇప్పుడే అనుమతిస్తాను. ఎవరు ఎప్పుడు ఏం మార్చారో సర్వరే రాసుకుంటుంది."

ఆయన మొహం మాడిపోయింది. "నా పేరెందుకు? రాసిందామె, తీసేసిందీ ఆమే అన్నట్టుండాలి."

"అంటే తప్పు ఆమె నెత్తిన పడాలి. అంతేగా?"

"నీ ఉద్యోగం సంగతి చూసుకో."

"చూసుకుంటూనే ఉన్నాను సార్. ఇదే నా ఉద్యోగం."

ఆయన ఎదుటే ఆ రికార్డును చూడ్డానికి తప్ప మార్చడానికి వీల్లేకుండా చేసింది. దాన్ని మార్చడానికి తనకున్న అనుమతీ తీసేసుకుంది. నకలొకటి ఆ ఇంజెక్షన్ సంగతి మీద వేసిన విచారణ సంఘానికి పంపి, నర్సుకు ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పింది.

సాయంత్రానికే బదిలీ కాగితం వచ్చింది. నేలమాళిగలో పాత ఫైళ్ల గది.

రోగి కోలుకున్నాడు. విచారణలో నర్సు రాతే నిలబడింది, మేనల్లుడు ఉద్యోగం వదులుకున్నాడు. సూపరింటెండెంటు కుర్చీ మాత్రం కదల్లేదు. ఆర్నెల్లకు ఆయన గుమాస్తా కిందికొచ్చాడు. "క్షమించమని నాలుగు ముక్కలు రాసివ్వక్కా, మళ్లీ పైకి తీసుకుంటారట."

"ఎవరు ఎవరికి రాయాలో ముందు తేల్చుకు రమ్మను" అంది, దుమ్ముకు తుమ్ముతూ.

మరుసటేడు, ఆమె స్థానంలో చేరినాయన మెట్లు దిగి వచ్చాడు.

"సూపరింటెండెంటు ఇంకెవరిదో పాస్‌వర్డ్ అడిగాడక్కా."

"నువ్వేమన్నావ్?"

"ఇవ్వనన్నా." జేబులోంచి బదిలీ కాగితం తీసి చూపించాడు.

తాళాలక్క పకపకా నవ్వి, ఫైళ్ల కట్ట పక్కకు జరిపి, అతనికో కుర్చీ లాగింది.