చెల్లె పియానో కోసం ఆగిన సాంచలు

ఆ రోజుల్లో నాకు అక్షరం ముక్క రాదు కానీ, సలహాలివ్వడంలో ఎవరికీ తీసిపోయేదాన్ని కాదు. చెల్లె పియానోలో పీజీ చేస్తానంటే, ఏ కాలేజీ మంచిదో ఫోన్లో బొమ్మలు చూసి నేనే తేల్చేశాను. (ఒకదాని ముందు చెట్లు బాగున్నాయి. ఇంకోదానిలో పిల్లలు బక్కగా ఉన్నారు, అంటే హాస్టల్లో తిండి బాగుండదు.) చెల్లె నా మాటలన్నీ ఓపికగా విని, తనకు నచ్చిన టీచరున్న బక్క పిల్లల కాలేజీకే దరఖాస్తు పెట్టింది.

చిక్కంతా కాలేజీ వాళ్లు అడిగిన వీడియోతో వచ్చింది. మధ్యలో ఆపకుండా, వేరే చప్పుడు లేకుండా మూడు పాటలు వాయించి ఆ సాయంత్రానికల్లా పంపాలి. లేకపోతే ఆ ఏడాది పోయినట్టే. మాకు తెలిసిన పియానో ఒక్కటే, చెల్లె నేర్చుకున్న మిషనరీ బడి హాల్లోది. ఆ హాలుకు రెండు వైపులా మరమగ్గాల షెడ్లు. మరమగ్గాలను మా మాటలో సాంచలంటాం. రాత్రీ పగలూ వాటి మోతే. ఒక షెడ్డులో నేను నూలు కండెలు చుట్టేదాన్ని కాబట్టి, యజమాని మామ దగ్గరికి ధైర్యంగానే పోయాను.

"మామా, జర గంటసేపు సాంచలు బంద్ పెట్టరాదే. చెల్లె పియానో వాయిస్తది."

"గా డబ్బా కోసం నా సాంచలు ఆపాల్నా? సరే తియ్. సీటు రాకపోతే మాత్రం నీతోని రెండు షిఫ్టులు చుట్టిస్త."

అవతలి షెడ్డాయన కూడా ఒప్పుకున్నాడు. మోత ఆగింది. నేను ఫోన్ పట్టుకున్నాను, చెల్లె మొదలుపెట్టింది. మొదటి పాట సగంలో ఉండగా తలుపు తోసుకుని మా మేనత్త లోపలికొచ్చింది, కొంగుతో కళ్లు ఒత్తుకుంటూ. వెనక వాడంతా ఉంది.

"ఎవలు పోయిండ్రే బిడ్డా?"

మా దగ్గర పని రోజున సాంచలు ఆగితే ఎవరో చనిపోయారని అర్థం. ఆ నిశ్శబ్దం వినగానే పక్క వాడలవాళ్లు కూడా తమ సాంచలు ఆపి పరామర్శకు బయలుదేరతారు. పుట్టిపెరిగిన ఊరి ఆనవాయితీ, నాకు ఆ పూట గుర్తే రాలేదు.

"ఎవలు పోలే అత్తా. చెల్లెకు కాలేజీ పరీక్ష."

"గట్లనా," అత్త ముక్కు తుడుచుకుని కింద కూర్చుంది. "ఎట్లాగూ వచ్చినం, కూసుంటం. వాయించు బిడ్డా."

హాలు నిండిపోయింది. చెల్లె ఎన్నడూ పదిమంది ముందు వాయించలేదు. మొహం పాలిపోయింది.

"అక్కా, వీళ్లను పొమ్మను."

"పొమ్మంటె పోయేటోళ్లా? జల్ది కానియ్, మామ మల్ల సాంచలు షురూ చేస్తడు."

కళ్లు మూసుకుని మళ్లీ మొదటినుంచి ఎత్తుకుంది. ఒక్కరూ దగ్గలేదు. ఆఖరి పాట నెమ్మదిగా సాగేది. అది వింటూ అత్త వెక్కడం మొదలుపెట్టింది, ఆమెను చూసి మిగతావాళ్లు. (పాపం, ఏడవడానికి సిద్ధపడే వచ్చారు కదా.)

"మంచిగ వాయించినవ్," అంది అత్త చివర్లో. "ఎవలు సావకుంటనే ఏడిపిచ్చినవ్."

ఇంకోసారి వాయించే వ్యవధి లేదు. ఏడుపులతో సహా పంపేశాం. తర్వాత ఫోన్ ఇంటర్వ్యూలో ఆ టీచరు, వెనక ఏడుస్తున్నదెవరని అడిగిందట. "మావాళ్లే మేడం, వినడానికి వచ్చిండ్రు," అందట చెల్లె. సీటు వచ్చింది.

ఇప్పుడు నేనూ కూడబలుక్కుని చదువుతున్నాను, ఇలా నాలుగు ముక్కలు రాస్తున్నాను. ఆ వీడియో అప్పుడప్పుడు చూస్తాను. అందులో బొమ్మ కాస్త వణుకుతూ ఉంటుంది. అంతా తన ఏర్పాటు ప్రకారమే జరుగుతున్నట్టు బిగుసుకుని నిలబడి, ఫోన్ పట్టుకున్న ఆ పిల్ల చేతుల వణుకు అది. ఆనాటి నన్ను ఒక్కసారి పిలిచి పక్కన కూర్చోబెట్టుకోవాలనిపిస్తుంది.