రెండు జడల ఫ్లెక్సీ

రెండు వేల ఇరవై మూడు, వానాకాలం చివర. సిరిసిల్లలో మా ఫ్లెక్సీ షాపు. పుట్టినరోజులు, గృహప్రవేశాలు, చేతులు జోడించిన నాయకులు, శ్రద్ధాంజలులు: మా దగ్గర సంబరమైనా ఏడుపైనా ముందు నా కంప్యూటర్ దాటే రోడ్డెక్కాలి. జగిత్యాల, కోరుట్లలో షాపులు లేవా అంటే బోలెడున్నాయి. అయినా అక్కడి నుంచి కూడా కొందరు నన్ను వెతుక్కుంటూ వస్తారు, నా కటౌట్ కోసం. కటౌట్ అంటే ఫొటోలోని మనిషిని వెనకున్న గోడ నుంచి, ఆరేసిన బట్టల నుంచి విడదీసి పైకి తీయడం. జుట్టు దగ్గరే అసలు పరీక్ష. తొందరపడితే మనిషికి బోడిగుండు తయారవుతుంది.

రవీందర్ సార్ చందుర్తి వైపు ఒక ఊళ్లో డ్రాయింగ్ మాస్టారు. ఊరి పేరు చెప్పను. ఆయన బడిపిల్లల కోసం కామిక్ పుస్తకాలు గీసి నా దగ్గర ప్రింట్ తీయించేవారు. హీరో పేరు నాడెన్న. పగలంతా పవర్‌లూమ్ నడిపి, పొద్దుగూకాక ముఖానికి పాలిస్టర్ గుడ్డ కట్టుకుని, మగ్గంలో నాడె అటూ ఇటూ ఉరికినట్టు ఊళ్ల మధ్య ఉరుకుతాడు. మొదటి రెండు పుస్తకాల్లో పిల్లల్ని గుద్దిన ఇసుక ట్రాక్టర్ డ్రైవర్లను పట్టి స్టేషన్లో అప్పజెప్తాడు. నాలుగు పేజీలు తిప్పేసరికి అదే ట్రాక్టర్ అదే రోడ్డు మీద. మూడో పుస్తకంలో నాడెన్నకు తిక్క రేగింది. “ఇగ పిల్లలు సచ్చినంక అచ్చుడు బంద్. ముందే అస్త!” అని ఇసుక డంపులోని ట్రాక్టర్లన్నింటికీ నిప్పు పెడతాడు. ఆ పేజీ ప్రింటర్‌లోంచి వస్తుంటే “పెట్టు నాయనా, పెట్టు” అన్నాను నేను. ఎందుకనకూడదు? అంతకు ముందు ఏడు ఆ ఊరి బడి మలుపులోనే నాలుగో తరగతి పిల్లవాడు ట్రాక్టర్ కింద పడి చనిపోయాడు. వాడి శ్రద్ధాంజలి చేసింది నేనే.

ఒక మధ్యాహ్నం సార్ వచ్చి పెన్‌డ్రైవ్ ఇచ్చారు. “శ్రద్ధాంజలి ఫ్లెక్సీ అక్కా. ఫొటో గిదే, పేరు తర్వాత చెప్త.”

తెరిచాను. ఎనిమిదేళ్ల పాప, యూనిఫాం, ఎర్ర రిబ్బన్లతో మడిచి కట్టిన రెండు జడలు. ఈ పాపకు ఇదే ఆఖరి ఫొటో కదా అని ఒక్క వెంట్రుక పోకుండా కోశాను. చుట్టూ సన్నటి నల్ల గీత వేశాను. దండ వేశాను, రెండు పక్కలా దీపాలు పెట్టాను.

“ఎవలి బిడ్డ సార్? ఎట్ల పోయింది?”

“నా బిడ్డే అక్కా.”

“అయ్యో! ఎప్పుడు సార్?”

“పోలేదు. బయట బండి మీద కూసున్నది.”

అద్దం తలుపులోంచి చూశాను. బండి మీద కాళ్లు ఊపుకుంటూ మురుకులు తింటోంది. అదే పాప, అవే రిబ్బన్లు. పోయినవాళ్ల ముఖాలు ఎన్ని కోశానో లెక్కలేదు, ఒక్కనాడూ భయపడలేదు. బతికున్న పిల్లను చూసి భయపడ్డది ఆ రోజే.

“దిమాక్ ఉన్నదా సార్ నీకు! కన్నబిడ్డకు దండేస్తవా?”

ఆయన నెమ్మదిగానే చెప్పారు. “పోయినేడు పోరడు పోతె అందరచ్చి ఫ్లెక్సీ ముంగట నిలవడి ఫొటోలు దిగిన్రు. వాని దినాలు కాకముందే ట్రాక్టర్లు మల్ల తిరిగినయ్. మన దగ్గర ఫ్లెక్సీ ఎప్పుడైనా సచ్చినంకనే కడ్తరు. ఈసారి ముందే కడ్త.”

“గట్లయితే నీ నాడెన్న లెక్క తగలబెట్టరాదు?” కోపంలో నోరు జారాను.

సార్ తల దించుకున్నారు. “పోయిన అక్కా. అగ్గిపెట్టె పట్టుకొనే పోయిన. ట్రాక్టర్ మీద డ్రైవర్ పండుకొని ఉన్నడు. నా దగ్గర సదువుకున్న పోరడే. బొమ్మలు మంచిగ గీస్తుండె.”

ఈ మెత్తటి మనిషి నిజంగానే అగ్గిపెట్టెతో అంత దూరం వెళ్లాడా?

“ఇంకోళ్ల పిల్ల ఫొటో పెట్టే హక్కు నాకేడిది? అందుకే నా బిడ్డది” అన్నారు.

“ఇంట్ల ఆమెకు ఎరికేనా?”

సార్ తలుపు వైపు చూశారు. అంతలో పాప లోపలికి వచ్చింది. దండ మధ్యలో తనను చూసుకుని నవ్వింది. “ఆంటీ, నా జడలు సక్కగ రావాలె!”

ఇక నా వల్ల కాలేదు. మౌస్‌తో పాప బొమ్మను పట్టి దండలోంచి బయటికి గుంజేశాను. “చెయ్యనంటే చెయ్య! ఏ కోరుట్లకు పోతవో పో!”

కటౌట్ ఒక పొర మీద, చుట్టూ వేసిన గీత ఇంకో పొర మీద ఉంటాయి మా పనిలో. పాప వచ్చేసింది, గీత రాలేదు. దండ, దీపాలు, మధ్యలో రెండు జడల ఆకారంలో తెల్లటి ఖాళీ. సార్ తెర దగ్గరికి వంగారు.

“గిట్లనే కొట్టు అక్కా” అన్నారు సార్. “కింద రాయి. స్థలం: ఈ మలుపు. పేరు: ఇంకా తెల్వది.”

ఇప్పుడందులో ఏ పిల్లా లేదు కదా అని అలాగే కొట్టిచ్చాను.

మిగతాది సార్ ఫోన్లో చెప్పారు. ఆ బడిలో ఆడపిల్లలందరికీ రెండు జడలే. పత్తి చేలనుంచి, బీడీలు అప్పజెప్పి వచ్చే తల్లులు ఒక్కొక్కరే ఫ్లెక్సీ కట్టిన మలుపు దగ్గర ఆగిపోయారట. ఆ ఖాళీలో ఎవరికి వారికి తమ పిల్లే కనపడింది. ఇది చేసినోళ్ల చేతులు పడిపోను అని నన్నూ తిట్టారట, తిట్టనీ. మర్నాడు బడి వేళకు తల్లులంతా రోడ్డుకు అడ్డంగా నిలబడ్డారు. ట్రాక్టర్లు ఆగాయి. ఇసుక కాంట్రాక్టర్ మనిషి ఫ్లెక్సీ చింపడానికి వస్తే ఒకామె పెన్ను చేతికిచ్చిందట. “చింపుతె చింపు. మొదలు గా పేరు కాడ నీ బిడ్డ పేరు రాసి చింపు.” వాడు పెన్ను కింద పడేసి వెళ్లిపోయాడు. పెన్ను ఇచ్చింది సార్ భార్యే. ఆ ఖాళీ ఎవరిదో అప్పటికి ఆమెకు తెలియదు.

రాత్రుళ్లు ట్రాక్టర్లు ఇప్పటికీ తిరుగుతున్నాయి, అబద్ధం ఎందుకు. బడి వేళకు మాత్రం ఆ మలుపులోకి రావు. నాడెన్న నాలుగో పుస్తకం రాలేదు.

ఆ ఫ్లెక్సీ తర్వాత ఎవరు ఫొటో తెచ్చినా నేను ముందు అడిగేది ఒకటే: “మనిషి ఉన్నరా?” కొందరు నవ్వుతారు, కొందరు కోప్పడతారు. అడగకుండా మాత్రం దండ ముట్టను.

మొన్న ఆ పాప పుట్టినరోజు ఫ్లెక్సీకని తల్లి వచ్చింది. పాప బాగా పొడుగైంది. తల్లి కుర్చీలో కూర్చోకుండా నేరుగా నా దగ్గరికే వచ్చింది. సార్ ఎప్పుడు చెప్పారో, ఎలా చెప్పారో.

“నా బిడ్డను దండలకెల్లి గుంజినామె నువ్వేనా అక్కా?”

తల ఊపాను. ఆమె నా కుడిచేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది. ఏడ్చింది ఆమె కాదు, నేను.