అయిపోయిన పెళ్లికి పిలుపు

మా అమ్మాయికి నెలలు నిండుతున్నాయి. పురిటికి మా ఇంటికే వచ్చింది. గుణదలలోని మా ఫ్లాట్‌లో అన్నీ సిద్ధంగా ఉన్నాయి. ఆసుపత్రికి పట్టుకెళ్లాల్సిన సంచి గుమ్మం పక్కనే ఉంది. మెత్తబడ్డ పాత చీరలు చింపి మా ఆవిడ పొత్తిగుడ్డలు మడతపెట్టి ఉంచింది. లేనిదల్లా పుట్టబోయే బిడ్డకు నీళ్లు పోసే మనిషి.

మా ఇంట్లో పుట్టిన బిడ్డలందరికీ మా అక్కే నీళ్లు పోసింది. పీట వేసుకుని, కాళ్లు బారజాపి, బిడ్డను ఆ కాళ్ల మీద పడుకోబెట్టుకుని చెంబుతో పోస్తుంటే, ఎంత గుక్కపట్టిన బిడ్డయినా కాసేపటికి కళ్లు మూసేస్తుంది. మా ఆవిడకు ఆ పని చేతకాదు. సబ్బు రాసిన పసిబిడ్డ చేపపిల్లలా జారిపోతుందని ఆమె భయం. మా అమ్మాయికి కూడా అక్కే పోసింది. ఇక నా చేతికి బిడ్డను ఇచ్చే ధైర్యం మా వంశంలో ఎవరికీ లేదు. అమ్మాయి రోజూ అడిగేది, "అత్తయ్య ఎప్పుడొస్తుంది నాన్నా?" అని.

అత్తయ్య రాదు. ఎందుకు రాదో చెప్పాలంటే ముందు మా బావగారి స్నానం గురించి చెప్పాలి.

అక్క మొగుడైన బావగారు కంకిపాడు అవతల, కాలువ కట్ట పక్కనున్న ఊళ్లో వ్యవసాయం చేస్తారు. వరి కోశాక మినుము. మనిషి బంగారం. మర్యాద దగ్గర మాత్రం కాటా పట్టుకు కూర్చుంటారు. ఇంట్లో శుభకార్యం అంటే వచ్చి ఎదురుగా నిలబడి చెప్పాలి, ఆడవాళ్లకు బొట్టు పెట్టాలి, శుభలేఖ రెండు చేతులతో అందివ్వాలి. ఫోన్లో చెబితే ఆయనకు వినపడదు. వాట్సాప్‌లో పంపితే కనపడదు.

పోయిన ఏడాది మాఘంలో అమ్మాయి పెళ్లి చేశాం. పిలుపుల కోసం నేనూ మా ఆవిడా స్కూటర్ మీద ఊళ్లన్నీ చుట్టబెడుతున్నాం. అక్క ఇంటికి వెళ్లేసరికి బావగారు స్నానంలో ఉన్నారు. పెరటి చివర రేకుల బాత్రూం ఆయనది. ఆయన లోపలికి వెళ్లి మళ్లీ బయటికి కనపడే లోపు ఒక సినిమా విశ్రాంతి దాకా చూసి రావచ్చు. కాఫీ తాగాం. మజ్జిగ తాగాం. గేదెల క్షేమసమాచారాలు కూడా అడిగేశాం. ఇంకా బోలెడు ఇళ్లు తిరగాలి. ఇక లాభం లేదని రేకు తలుపు దగ్గరికెళ్లి, "బావగారూ! అమ్మాయి పెళ్లండీ! ముందుగా రావాలి, అంతా మీరే చూసుకోవాలి!" అని కేకేశాను. లోపలి నుంచి "ఊఁ" అని వినిపించింది. మాట ఇచ్చేశారనుకుని స్కూటర్ ఎక్కాం.

కళ్లలో సబ్బు పడ్డ మనిషి మూలిగితే దాన్ని మాట ఇవ్వడం అంటారా అన్నది తర్వాత ఆయన వాదన. ఒంటి మీద నూలుపోగు లేనప్పుడు పిలిచిన పిలుపు పిలుపే కాదట. పెళ్లికి రాలేదు. అక్క ఒక్కతే వచ్చి, అక్షింతలు వేసి, భోజనం కూడా చెయ్యకుండా వెళ్లిపోయింది. ప్రతి వేసవికీ మా ఇంటికొచ్చి, వన్ టౌన్ సందులన్నీ తిరిగి, నా బట్టల కొట్లో కూర్చుని కొనేవాళ్ల ముందే సరుకుకు వంకలు పెట్టే మా అక్క ఆ వేసవిలో గడప దాటలేదు. ఈ వేసవి కూడా చివరికొచ్చింది. ఫోన్ చేస్తే ఒకటే మాట. "ఆయన కదలందే నేనెలా కదిలేదిరా?"

ఒక ఆదివారం అల్లుడు వచ్చి, అమ్మాయిని తను చూసుకుంటానన్నాడు. అదే సందని నేనూ మా ఆవిడా పొద్దున్నే బందరు రోడ్డు బస్సెక్కాం. బస్సు ఊరు దాటాక జేబులోంచి ఒక కవరు తీశాను. మా ఆవిడ చూసింది.

"ఏంటండీ అది?"

"శుభలేఖ."

"ఎవరిది?"

"మనమ్మాయిదే. బీరువాలో ఒక కట్ట మిగిలిపోయింది."

"ఇప్పుడెందుకది?"

"బావగారిని పెళ్లికి పిలవడానికి."

ఆమె నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. "ఎండకి మతి గానీ పోయిందా? అయిపోయిన పెళ్లికి ఎవరన్నా పిలుస్తారా?"

"పిలవకుండా పెళ్లి చేశామనే కదా ఆయన గోడు? పిలిచేస్తే సరి."

"పిల్ల ఇవాళో రేపో కనేట్టుంది!"

"ఆ సంగతి శుభలేఖలో వెయ్యలేదుగా."

ముందు సీట్లో పెద్దాయన భుజాలు కదులుతున్నాయి. మా ఆవిడ కిటికీ వైపు తిరిగిపోయింది. పెనమలూరు దాటేదాకా అటే చూస్తూ కూర్చుంది. ఆ తర్వాత నెమ్మదిగా అడిగింది, "కుంకుమ భరిణె తెచ్చారా?"

"నీ సంచిలోనే పెట్టాను."

దారిలో నేను చదివిన బడి కనపడింది. చదివిన అంటే, ఏడో తరగతి మధ్యలో దాని గోడ దూకాను, మళ్లీ లోపలి వైపుకి దూకలేదు. మా నాన్న చెవి పట్టుకుని తీసుకెళ్లి వన్ టౌన్‌లో ఒక బట్టల కొట్లో తానులు మడతపెట్టే పనిలో పడేశాడు. ఇప్పుడా గోడ ఎత్తు బాగా పెంచారు. నా తర్వాత కూడా చాలామంది బాగుపడి ఉంటారు.

ఆ గోడ నాతోపాటే దూకిన స్నేహితుడొకడు కంకిపాడులో సోడా కొట్టు నడుపుతున్నాడు. దిగి వాడి దగ్గరికెళ్లాం. నిమ్మకాయ సోడాలు కొట్టిస్తూ సంగతంతా విన్నాడు.

"ఇంత తిరుగుడెందుకురా? మీ బావ కాళ్లు పట్టుకో. అయిపోద్ది."

"దానికీ ఆయన దగ్గర ఒక పద్ధతుంటుందిరా. ముందు కుడికాలు పట్టుకోలేదని ఇంకో ఏడాది మాట్లాడడు."

"చెల్లెమ్మా, వీడితో ఎట్టా వేగుతున్నావమ్మా?" అని మా ఆవిడ మీద జాలిపడి, నా వైపు తిరిగాడు. "ఒకటి చెప్తా విను. మీ బావ నీకన్నా ముదురు. ఎగతాళికి వెళ్లి ఇరుక్కునేవు."

నేను నవ్వేసి ఆటో ఎక్కాను. వాడి మాట ఎప్పుడు విన్నాను గనక?

కాలువకు నీళ్లు కట్టేశారు. చిన్నప్పుడు మేం ఈతలు కొట్టిన రేవులో బురద పెంకులు పెంకులుగా ఎండిపోయి ఉంది. గేదెలు దాన్ని చూసి మనసు కష్టపెట్టుకుని వెనక్కి తిరిగిపోతున్నాయి. ఆటో అక్క ఇంటి ముందు ఆగింది. బావగారు వసారాలో నవారు మంచం మీద పేపరు చదువుకుంటున్నారు. గేటు చప్పుడుకి తలెత్తి మమ్మల్ని చూశారు. పేపరు మడిచారు. దండెం మీద తువ్వాలు లాక్కున్నారు. గబగబా పెరట్లోకి వెళ్లిపోయారు. రేకు తలుపు దబ్బుమని పడింది.

చేతుల నిండా మినప పొట్టుతో అక్క బయటికొచ్చింది. "వచ్చారా! ఒరే, పిల్లెట్టా ఉంది? మరదలా, చిక్కిపోయావేంటమ్మా?" అంటూనే పెరటి వైపు చూసింది. "అదేంటండీ! పొద్దున్నే చేశారుగా స్నానం!"

తలుపు తెరుచుకోలేదు. నీళ్ల చప్పుడూ లేదు.

నేను కుర్చీ ఒకటి మోసుకెళ్లి రేకు తలుపు ఎదురుగా వేసుకుని కూర్చున్నాను. "బావగారూ, తొందరేం లేదండీ. నిదానంగా కానివ్వండి. ఇవాళ నాకు వేరే పిలుపుల్లేవు."

రోహిణి కార్తె ఎండ. పైనా చుట్టూ రేకులు. అందులో అప్పడాలు పెడితే నూనె లేకుండా వేగుతాయి. అక్క కంగారు పడింది. "ఒరే, ఆయనకి బీపీరా!"

"అందుకేగా అక్కా, దగ్గరుండి చూసుకుంటున్నాను."

కాసేపటికి కుళాయి తిప్పిన చప్పుడైంది. ఆ వెంటనే "అబ్బా!" అని కేక. పైన ట్యాంకులో నీళ్లు అప్పటికే మరుగుతున్నట్టున్నాయి. తలుపు తెరుచుకుంది. కట్టిన పంచె కట్టినట్టే ఉంది, మనిషి మాత్రం చెమటతో తడిసి ముద్దయ్యారు. నా వైపు చూడకుండా అక్కతో అన్నారు. "మీ తమ్ముణ్ణి కుర్చీ నీడలో వేసుకోమను. వడదెబ్బ తగిలితే అదీ నా మీదకే వస్తుంది."

వసారాలో ఆయన కూర్చుని చెమట తుడుచుకున్నాక మా ఆవిడ అక్కకు బొట్టు పెట్టింది. నేను లేచి నిలబడి, శుభలేఖ రెండు చేతులతో ముందుకు చాపాను.

"బావగారూ, మా అమ్మాయికి పెళ్లి కుదిరిందండీ. మీరూ అక్కా ముందుగా రావాలి. అంతా మీరే దగ్గరుండి చూసుకోవాలి."

అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బావగారు శుభలేఖ అందుకుని, కళ్లజోడు తగిలించుకుని పైనుంచి కిందిదాకా చదివారు. ఏడాది తర్వాత మొదటిసారి నేరుగా నాతో మాట్లాడారు.

"ఏమోయ్, ముహూర్తం పోయిన మాఘంలో అని ఉంది?"

"అవునండీ. అంతకన్నా మంచిది లేదన్నారు."

"ఇప్పుడా చెప్పటం?"

"ముందే చెబుదామని వచ్చామండీ. తమరు తీరిగ్గా లేరు."

అక్క కిసుక్కుమంది. బావగారి మీసం కొంచెం కదిలింది, అంతలోనే సర్దుకుంది.

"వంటలేంటి?"

"పూర్ణాలు, పులిహోర, గుత్తివంకాయ, పనసపొట్టు కూర, ముక్కల పులుసు..."

"పనసపొట్టులో ఆవ పెట్టారా?"

"పెట్టారండీ. ఘాటెక్కువైందని మీ తమ్ముడు అన్నారు."

"వాడికేం తెలుసు, వెధవ. విడిది ఎక్కడిచ్చారు? మగపెళ్లివారు పేచీ ఏం పెట్టలేదుగా? అప్పగింతలప్పుడు పిల్ల బాగా ఏడ్చిందా?"

ఏడాదిగా ఎవర్నీ అడగలేక కడుపులో దాచుకున్నవన్నీ ఒక్కొక్కటే బయటికొస్తున్నాయి. అన్నిటికీ చెప్పాను. చివరి దానికి మా ఆవిడ చెప్పింది. "మామయ్య ఏడీ, మామయ్య ఏడీ అని అడిగింది అన్నయ్యగారూ."

ఆయన కళ్లజోడు తీసి పంచె చెంగుతో చాలాసేపు తుడిచారు. శుభలేఖ కవర్లో పెట్టారు. పని అయిపోయిందని నేను మనసులో చంకలు గుద్దుకుంటున్నాను.

"సరే. మనిషిలా ఎదురుగా నిలబడి పిలిచావు. వస్తాం. పెళ్లి చెయ్యి."

"ఏంటండీ?"

"పెళ్లి చెయ్యవయ్యా. ఇంటికొచ్చి పిలిచి, తీరా పెళ్లి చెయ్యకపోతే పిలిపించుకున్నవాడికి ఎంత తలవంపులు!"

బస్సులో అన్నీ ఆలోచించుకున్నాను, ఈ ఒక్క మాట తప్ప. మా ఆవిడ రంగంలోకి దిగింది. "అన్నయ్యగారూ, పిల్ల నిండు చూలాలు. పీటల మీద కూర్చోలేదండీ."

"కుర్చీ వేద్దాం అమ్మా. ఈ రోజుల్లో చాలామంది కుర్చీల్లోనే చేసుకుంటున్నారు."

"పురోహితుడు ఒప్పుకోడండీ," అన్నాను.

"నేను మాట్లాడతాను."

ఆయన నవ్వడం లేదు. నేనూ నవ్వకుండా ఉండాలని చూస్తున్నాను. ఇద్దరిలో ఎవరు ముందు నవ్వితే వాళ్లు ఓడినట్టు. అప్పుడు అక్క లేచింది. ఆమె మొహంలో నవ్వు లేదు.

"మీ ఇద్దరి ఆటా అయిందా? ఆ పిల్లని ఈ కాళ్ల మీద పెంచాను. దానికి బిడ్డ పుడుతుంటే నేనిక్కడ మినుములు చెరుక్కుంటూ కూర్చోనా? పెళ్లి చేస్తారో మానుకుంటారో మీ ఇష్టం. నేను సాయంత్రం బస్సుకి వెళ్తున్నా."

విసవిసా లోపలికెళ్లి సంచి తెచ్చి వసారాలో పెట్టింది. గొంతు దాకా సర్ది, జిప్పు వేసి ఉంది. బావగారు దాన్ని చూశారు.

"ఇదెప్పుడు సర్దావు?"

"ఉగాది అప్పుడు."

కవరును అటూ ఇటూ తిప్పారు. తర్వాత ఎవరితోనూ కానట్టు, ఎదురుగా ఉన్న స్తంభంతో మాట్లాడుతున్నట్టు మొదలుపెట్టారు. "అసలు మేనత్త మొగుడన్నవాడు సరిగ్గా ముహూర్తానికి వెళ్లి నిలబడితే ఏం బాగుంటుంది? ముందే వెళ్లి పనులు చూసుకోవాలి. వీడికి వదిలేస్తే వంటవాణ్ణి కుదర్చడం కూడా చేతకాదు." అక్క వైపు తిరిగారు. "నా ఇస్త్రీ పంచెలెక్కడ?"

"దీంట్లోనే ఉన్నాయి," అంది అక్క, సంచి తట్టి.

గేదెల్ని పక్కింటివాళ్లకు అప్పజెప్పి, సాయంత్రం నలుగురం బస్సెక్కాం. కంకిపాడులో నా స్నేహితుడు బస్సులో మమ్మల్ని చూసి కొట్లోంచే చెయ్యెత్తి దణ్ణం పెట్టాడు. అది నాకో బావగారికో తెలియలేదు.

రెండోసారి జరిగిన ఆ పెళ్లిలో తాళి లేదు, మేళం లేదు. భోజనం మాత్రం ఉంది. వంటవాణ్ణి బావగారే కుదిర్చారు, అరిటాకులు ఆయనే వన్ టౌన్ వెళ్లి ఏరుకొచ్చారు. అమ్మాయినీ అల్లుణ్ణీ కుర్చీల్లో కూర్చోబెట్టి, అక్షింతలు వేసి, మొదటి బంతిలో మొదటి ఆకు ముందు కూర్చున్నారు. వడ్డించింది నేను. పనసపొట్టు కూర నోట్లో పెట్టుకుని, "ఆవ తగ్గింది," అన్నారు. మళ్లీ వేయించుకున్నారు. మూడోసారి కూడా.

ఆ వారంలోనే మనవరాలు పుట్టింది.

ఇప్పుడు రోజూ పొద్దున వంటింటి వెనక బాల్కనీలో పీట పడుతుంది. అక్క చీర మోకాళ్ల దాకా మడుచుకుని కాళ్లు చాపుతుంది. ఒళ్లంతా నూనెతో మెరిసే బిడ్డను ఆ కాళ్ల మీద వేసుకుంటుంది. చెంబెడు నీళ్లు పడగానే ఆ గడుగ్గాయి గుణదల కొండకు వినపడేలా ఆరున్నొక్క రాగం అందుకుంటుంది. అమ్మాయి గుమ్మానికి ఆనుకుని చూస్తుంటుంది. బావగారు రెండు చేతుల మీదా తువ్వాలు పరుచుకుని, అంతసేపూ అలాగే నిలబడతారు. వేణ్ణీళ్లు మోయడం నా వంతు.

"అందుకోవోయ్, చెంబు ఆగకూడదు," అంటారు బావగారు. అక్క బిడ్డ వీపు మీద నలుగు పిండి రాస్తూ, "ఉండండి, దాని మీద పడేట్టున్నారు ఇద్దరూ," అని కసురుతుంది. నేను మళ్లీ బకెట్ తీసుకొచ్చే లోపు ఏడుపు సన్నబడుతుంది. అక్క చెయ్యి ఆగదు. బిడ్డ నోరంతా తెరిచి ఒకసారి ఆవులించి, ఆ కాళ్ల మీదే నిద్రపోతుంది.