తుడవని బెల్టు

సంచులు కుట్టే పెద్దాయన దవడ విరిగిన కుక్కలకు ఆసరాగా తోలు పట్టీలు కూడా చేస్తాడు. కొత్త తోలు కొననివ్వడు. "ఇంట్లో ఎవరిదైనా పాత బెల్టు పట్టుకురండి. తుడవకండి, వాసన పోతుంది" అంటాడు. కుట్టిన పట్టీని ముందు తన గడ్డానికే బిగించుకుని గ్లాసెడు నీళ్లు తాగుతాడు; చొక్కా తడిస్తే కుట్లు విప్పి మళ్లీ మొదలుపెడతాడు. ఆమధ్య ఒకావిడ కుక్క రెండు పట్టీలు పీకి పారేసింది. మూడోసారి ఆవిడ, కిందటేడు పోయిన వాళ్ల నాన్న బెల్టు తెచ్చింది. "ఈ చివరి కన్నం సాగిపోయిందండీ. నాన్న రోజూ ఇక్కడే పెట్టుకునేవారు." పెద్దాయన ఆ కన్నం తెగకుండా, కుక్క ముక్కు దగ్గరికి వచ్చేలా కుట్టాడు. ఈసారి కుక్క పీకలేదు. కాసేపు వాసన చూసి, తోకాడిస్తూ గుమ్మం వైపు తిరిగి కూర్చుంది. సూది డబ్బాలో పెట్టబోతున్న పెద్దాయన కూడా ఆగి అటే చూశాడు.