ఒంటి ఇరుసు ఇంజను

బర్నబీలో మేము అద్దెకున్న బేస్‌మెంటు గోడకు అవతల గ్యారేజీ. అందులో కారు ఉండేది కాదు. ఇంటి ఓనరు పదకొండేళ్లుగా అక్కడ ఒక రైలింజను తయారుచేస్తున్నారు. ఆయనకు ఎనభై దాటాయి. ఇంగ్లండులో పుట్టి, ఇరవై ఏళ్ల వయసులో ఇక్కడికొచ్చి, మెషిన్ షాపుల్లో పనిచేసి రిటైరయ్యారు. భార్య పోయాక పై అంతస్తులో ఒక్కరే ఉండేవారు.

నేను మెకానికల్ చదివి సాఫ్ట్‌వేర్ టెస్టింగులో పడ్డదాన్ని. గోడ అవతల ఆకురాయి చప్పుడు వినిపిస్తే కాళ్లు అటే లాగేవి. శనివారాలు వెళ్లి ఆయన పక్కన స్టూలు మీద కూర్చునేదాన్ని.

ఇంజను నా మోకాలి ఎత్తుండేది. కానీ బొమ్మ కాదు. రాగి బాయిలరు, బొగ్గు, నిజమైన ఆవిరి. మధ్యలో పళ్లెమంత చక్రాలు రెండు, ముందూ వెనకా చిన్నవి. ఆవిరి తిప్పేది ఆ పెద్ద జతను మాత్రమే. తొలిరోజుల్లో ఇంగ్లండులో ఎక్స్‌ప్రెస్ బళ్లను లాగినవి ఇలాంటివేనట. ఒక జత చక్రాలను ఇంకో జతకు కడ్డీలతో కలిపితే వేగం తగ్గుతుందని అప్పటి ఇంజనీర్లు భయపడి, ఒకే ఇరుసుకు మనిషిని మించిన ఎత్తున్న చక్రాలు బిగించారట. బళ్లు తేలికగా ఉన్నంతకాలం గాలిలా పోయాయి. బరువు పెరిగాక, వాన పడి పట్టాలు తడిసినప్పుడు ఆ ఒక్క జతకూ పట్టు దొరక్క, ఉన్నచోటే గిరగిరా తిరిగేవట. ఇదంతా చెబుతూ ఆయన ఆ చక్రాన్ని అరచేత్తో నెమ్మదిగా తిప్పేవారు.

ఫిబ్రవరిలో ఒక శనివారం ఇదే కథ రెండుసార్లు చెప్పారు. మధ్యలో పది నిమిషాలు కూడా గడవలేదు. నేను రెండోసారీ మొదటిసారి విన్నట్టే విన్నాను.

ఆ తర్వాత పైనుంచి మాడు వాసన రావడం మొదలైంది. ఒకరోజు మా ఆయన వెళ్లి చూస్తే స్టవ్ మీద నీళ్లింకిపోయిన కెటిల్ ఎర్రగా కాలుతోంది. ఓనరు పక్క గదిలోనే కూర్చుని పేపరు చదువుకుంటున్నారు. ఆ రాత్రి అన్నాలు తిన్నాక మా ఆయన, "ఆ బాయిలర్ వెలిగించే రోజు నువ్వు దగ్గరుండకు," అన్నాడు.

"ప్రెషర్ టెస్ట్ చేశారట," అన్నాను.

"చేశారట అంటున్నావ్. నువ్వు చూశావా?"

నేను చూడలేదు.

ఏప్రిల్‌లో ఒక ఆదివారం ఉదయం, సన్నటి తుంపరలో, ఆయన డ్రైవ్‌వేలో నాలుగు గజాల పట్టా పరిచి ఇంజను వెలిగించారు. మా ఆయన గుమ్మంలో నిలబడి ఉన్నాడు. వద్దన్నా నేను వెళ్లి ఇంజను పక్కన గొంతుక్కూర్చున్నాను. అరగంటకు ప్రెషర్ ముల్లు లేచింది. ఆవిరి వదలగానే పెద్ద చక్రం తడి పట్టా మీద జారి, రెండు చుట్లు ఉత్తినే తిరిగి, అప్పుడు కదిలింది. ఆయన నవ్వారు. ముందుకీ వెనక్కీ చాలాసేపు నడిపారు.

బాయిలర్లో నీళ్లెంత ఉన్నాయో చూపే గాజు గొట్టం నా కళ్లెదురుగా ఉంది. నిండుగా ఉంది. ఇంజను కదిలినప్పుడు ఆ నీళ్లు పైకీ కిందికీ ఊగాలని ఆయనే నాకు నేర్పారు. అవి ఊగడం లేదు. ఇంజను ఆగింది, కదిలింది, మళ్లీ ఆగింది. నీళ్లు మాత్రం గీత గీసినట్టు అలాగే ఉన్నాయి.

ఆ మాట ఆయనతో చెప్పాను. నిండుగానే ఉందిగా అన్నారు. నేను చెయ్యి చాచి గొట్టం అడుగున ఉన్న చిన్న కుళాయి తిప్పాను. గొట్టంలోని నీళ్లు ఒక్కసారిగా జారిపోయాయి. తర్వాత ఆవిరి తప్ప మరేమీ రాలేదు. బాయిలర్లో నీళ్లు అడుగంటాయి. నిప్పు మీదున్న రాగి రేకు ఒట్టిగా కాలుతోంది.

ఆయన చెయ్యి నీళ్ల పంపు మీదికి వెళ్లింది. అంత కాలిన రేకు మీద చన్నీళ్లు పడితే బాయిలరు పేలిపోతుందని చెప్పింది కూడా ఆయనే. నేను ఆ మణికట్టు పట్టుకున్నాను. బలంగా గింజుకున్నారు.

"వదులు. నీళ్లు పెట్టాలి," అన్నారు.

వదల్లేదు. రెండో చేత్తో ఇంజను కింద నిప్పుగది అడుగును పట్టి ఉంచే పిన్ను లాగాను. నిప్పంతా కాంక్రీటు మీద కుప్పగా పడి, తుంపరకు బుసలు కొట్టింది. నా వేళ్లు మూడు కాలాయి. మా ఆయన వచ్చి మా ఇద్దరినీ భుజాలు పట్టి వెనక్కి లాగాడు. ముల్లు సున్నాకు దిగేదాకా ముగ్గురం గ్యారేజీ గోడ చాటున నిలబడ్డాం. మా ఆయనే మధ్యమధ్య తొంగి చూశాడు.

చల్లారాక చూస్తే, గాజు గొట్టాన్ని బాయిలరుకు కలిపే కింది కవాటం మూసి ఉంది. పైనుంచి వచ్చిన ఆవిరి చల్లబడి నీరై గొట్టాన్ని నింపిందన్నమాట. అది తెరవడం మర్చిపోయారని మా ఆయన మెల్లగా అన్నాడు.

"మర్చిపోలేదు," అన్నారాయన. "తెరిచినట్టు గుర్తుంది. నా వేళ్లకు కూడా గుర్తుంది."

అప్పుడు ఆయన ముఖంలో కనిపించిన భయం, బాయిలరు దగ్గర నాకు కలిగిన భయం కంటే పెద్దది.

ఆ వారం విండ్సర్‌లో ఉండే ఆయన కూతురు వచ్చింది. ఆ పని తెలిసినవాళ్ల చేత ఇంజను విప్పించి చూయించింది. నిప్పుగది పైరేకు కిందికి ఉబ్బి ఉంది. కొత్త బాయిలరు వేసేదాకా వెలిగించకూడదన్నారు. తర్వాత తండ్రిని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. డాక్టరు చెప్పింది మేము ఊహించిందే. స్టవ్ తీయించి, ఇంట్లో ఉంటూ చూసుకునే మనిషిని పెట్టి వెళ్లింది. మమ్మల్ని ఖాళీ చెయ్యొద్దని బతిమాలింది. మా ఆయన రెండు రోజులు ఆలోచించి సరేనన్నాడు.

వెళ్తూ ఆవిడ గ్యారేజీ తాళంచెవి నాకిచ్చింది. ఆయన రోజూ ఉదయం మెట్లు దిగి వచ్చి దాన్ని అడుగుతారు. మొదట్లో ఎందుకివ్వకూడదో చెప్పేదాన్ని. ప్రతిసారీ ఆ రోజే కొత్తగా తెలిసినట్టు కుంగిపోయేవారు. ఇప్పుడు తాళంచెవి కనబడటం లేదని చెబుతున్నాను. పాపం, నాతోపాటు వంగి, సోఫా కింద కూడా వెతుకుతారు.