వేరుశనగ నూనె పూసిన తుపాకి

పోయిన వారం మా ఇంటావిడ కుట్టుమిషను మొరాయిస్తే బాగుచేసే ఆయన్ను పిలిపించాను. ఆయన దాన్ని పక్కకు వాల్చి, లోపల వేలుపెట్టి తడిమి, ఆ వేలు వాసన చూసి, మా ఇద్దరి వంకా దొంగల్ని చూసినట్టు చూశాడు. "ఎవురప్పా దీనికి వంటనూనె పోసినది? నాలుగు దినాలు పోతే అది నూనె కాదు, బంక" అన్నాడు. మా ఆవిడ నవ్వేసి, పోసింది తానేనని ఒప్పుకుని, కిరసనాయిలుతో కడిగించుకుని, టీ ఇచ్చి పంపించింది. ఒక తప్పు ఒప్పుకోవడానికి ఆమెకు పట్టింది అర నిమిషం. నాకు నలభై ఏళ్ళు చాలలేదు.

ఎనభైల్లో, ఆంధ్ర అంచున ఉన్న కన్నడ తాలూకా పావగడలో నేను కాలేజీ చదివే రోజుల మాట ఇది. మీలో ఆ వయసులో కాలేజీ సైనిక శిక్షణలో క్యాడెట్లుగా ఖాకీ తొడిగినవాళ్ళుంటే పాయింట్ టూటూ తుపాకి గుర్తుండే ఉంటుంది. చిటికెన వేలంత కూడా లేని తూటా, దాని అడుగున సన్నటి అంచు, ఆ అంచు మీద దెబ్బపడితేనే పేలుతుంది. కాల్చిన తరువాత గడియలాంటి బోల్టు వెనక్కి లాగితే, దాని మూతికి పిల్లిగోరులా ఉండే చిన్న కొక్కెం ఆ అంచును పట్టుకుని ఖాళీ తూటా తొడుగును బయటికి ఈడ్చుకొస్తుంది. ఆ ఖాళీని మేము ఖోకా అనేవాళ్ళం. మాకు నేర్పే హవల్దారును ఉస్తాద్ అని పిలిచేవాళ్ళం. ఖోకాలు లెక్కకు ఒకటి తగ్గితే మైదానమంతా మా చేత దువ్వించేవాడు ఆ మహానుభావుడు. తుపాకులు తుడిచే పని ఆయన నాకు అప్పగించాడు. కడ్డీకి గుడ్డ చుట్టి గొట్టంలో తోసి, మసి పోయేదాకా గుడ్డ మార్చి, చివర మూడంటే మూడు చుక్కల నూనె వెయ్యాలి. నాలుగో చుక్క వేస్తే తిట్లే. నా పనికి ఆయన ఒకసారి అందరి ముందూ భుజం తట్టాడు, ఇక నన్ను పట్టేవాళ్ళు లేరు.

నా స్నేహితుడు ఒకడుండేవాడు. వాళ్ళది నిడుగల్లు, వాళ్ళమ్మ మా వేరుశనగ చేన్లో కలుపు తీయడానికి, కాయలు పీకడానికి వచ్చేది. గురిలో మాలో అతనికి సాటి లేరు, అయిదు తూటాలు కాలిస్తే అట్టమీద అయిదు చిల్లులూ ఒక రూపాయి బిళ్ళ కింద దాక్కునేవి. వరసగా మూడేళ్ళు వాన మొహం చాటేసింది, పైరు ఊడలు నేలలోకి దిగకముందే మాడిపోయింది. ఎండాకాలం సెలవులు కాగానే తుమకూరులో పోటీ ఉందనీ, అందులో నెగ్గినవాళ్ళను బెంగుళూరు శిబిరానికి పంపుతారనీ, అక్కణ్ణుంచి మిలిటరీలో చేరడం సులువనీ ఉస్తాద్ చెప్పినప్పుడు, మాకందరికీ అది సరదా, అతనికి మాత్రం ఇంటిల్లిపాదికీ అన్నం.

సరిగ్గా అప్పుడే తుపాకి నూనె అయిపోయింది. నూనె కోసం తుమకూరుకు రాశానని, అది వచ్చేదాకా పొడిగుడ్డతో తుడవమని చెప్పి ఉస్తాద్ ఊరికి వెళ్ళాడు. నాకు ఆగలేదు. నా స్నేహితుడు పోటీకి పట్టుకుపోయే తుపాకి అందరిదానికన్నా నిగనిగలాడాలని నా కోరిక, అందులో అతని మీద ప్రేమెంతో, ఉస్తాద్ నన్ను మళ్ళీ మెచ్చుకోవాలన్న ఆశ ఎంతో ఇప్పటికీ తేల్చుకోలేను. మా ఇంట్లో గానుగ నుంచి అప్పుడే కొనితెచ్చిన వేరుశనగ నూనె ఉండేది. ప్రపంచంలో అంతకన్నా మంచి నూనె ఉందని మా తాలూకాలో పుట్టినవాడెవడైనా నమ్ముతాడా! చిన్న సీసాలో తెచ్చి అతని తుపాకి ఒక్కదానికే, బోల్టుకూ కొక్కేనికీ ధారాళంగా పట్టించాను. అతను వచ్చి నా చేతులు వాసన చూసి, "ఏందప్పా, బోండాలు తినొచ్చినావా? నాకొకటి దాచి పెట్టలేదా?" అని వెక్కిరించాడు. అవునన్నాను. తరువాత సెలవులు నెలన్నరా ఆ తుపాకి రేకుల గదిలో, ఆ ఎండల్లో, తాళం వెనక పడి ఉంది.

తుమకూరులో అతని మొదటి రెండు తూటాలూ నడిమధ్యలో పడ్డాయి. మూడోదీ పడింది. బోల్టు లాగితే ఉత్త బోల్టే వచ్చింది, ఖోకా గొట్టంలోనే ఉండిపోయింది. మళ్ళీ మూసి లాగాడు, రాలేదు. గోటితో గీకాడు, రాలేదు. నియమం ప్రకారం చెయ్యెత్తాడు. ఉస్తాద్ పరుగున వచ్చి తుపాకి మూతి నుంచి కడ్డీ దూర్చి దాన్ని వెనక్కి పొడిచి తీసేసరికి గడువు అయిపోయింది. రెండు తూటాలు కాల్చకుండా మిగిలాయి. పై అధికారి తుపాకిని అటూ ఇటూ తిప్పి, ఇంత శుభ్రంగా పెట్టిన తుపాకిలో లోపమేముంటుంది, బోల్టు లాగే చేతిలో దమ్ము లేదు, భయపడి సగమే లాగాడు అని కన్నడంలో తీర్పు చెప్పేశాడు. నాకు ఆ క్షణాన నిజం తెలియదు. కానీ ఇంటి నుంచి తెచ్చిన ఆ సీసా గుర్తొచ్చింది, ఆయన చేతిలోంచి తుపాకి అందుకుని గుడ్డ చుట్టేశాను.

తిరుగు బస్సులో అతను నా వైపు తిరిగి, "నీ తుపాకికి చెడ్డపేరు తెస్తినప్పా, ఏమనుకోవద్దు" అన్నాడు. నన్ను క్షమించమన్నాడు, నన్ను!

మరుసటి రోజు బోల్టు విప్పి చూశాను. కొక్కెం మూలల్లో నూనె, మసి కలిసి ముదురుపాకంలా గోధుమరంగు బంక కట్టి ఉంది. గోటితో నొక్కితే కొక్కెం లోపలికి పోయి అక్కడే ఉండిపోయింది, తిరిగి లేవలేదు. ఇక అది అంచునెక్కడ పట్టుకుంటుంది! ఆ బోల్టును అలాగే ఉస్తాద్ చేతిలో పెట్టి ఉంటే సరిపోయేది. నేనేం చేశానంటే, తలుపు దగ్గరగా వేసి, కిరసనాయిల్లో నానబెట్టి, సూదితో ఆ బంకంతా గీకి, కొక్కెం టప్‌మని ఎగిరేదాకా తుడిచాను. ఆ తరువాతి పరేడులో ఉస్తాద్ ఆ తుపాకితోనే కాల్చి చూస్తే ఖోకాలు పుట్నాల్లా ఎగిరి పడ్డాయి. తుపాకిలో తప్పు లేదని అందరి ముందూ రుజువైపోయింది. అతను తన కుడిచేతిని తిప్పి చూసుకున్నాడు. అలా చూసుకోవడం నేను చూశాను.

ఆపైన అతను పరేడుకు రాలేదు. ఉస్తాద్ కబురు పెట్టినా, నా చేతికి తుపాకి అచ్చిరాదు అన్నాడట. చదువు మానేసి బోర్లు వేసే లారీ వెంట పోయాడు. ఆ దుమ్ములో ఇరవై ఏళ్ళు తిరిగి, చివరికి నాలుగు గొర్రెలు కొనుక్కుని ఊరు చేరాడు.

అతని కూతురి పెళ్ళికి పిలిస్తే, ఈసారి చెప్పేస్తానని ఒట్టు పెట్టుకుని వెళ్ళాను. భోజనాల దగ్గర అతనే ఆ కథ ఎత్తుకున్నాడు. "ఈయప్ప తుపాకిని అద్దం మాదిరి పెట్టింటే, నా దరిద్రపు చెయ్యి దాన్ని కూడా చెడగొట్టె" అని వియ్యంకులకు చెప్పి పగలబడి నవ్వాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, పాయసం తిన్నాను, వచ్చేశాను. మొదటిసారి దాచినదాన్ని పిరికితనమని సర్దుకోవచ్చు. ఆ రోజు నవ్విన నవ్వుకు ఏ పేరు పెట్టుకోవాలో నాకు తెలియదు.

ఇప్పుడు మా వైపు వేరుశనగ చేలు తక్కువ. గానుగలు మూతబడి నూనె ప్యాకెట్లలో వస్తోంది. పైర్లను మాడ్చిన ఆ ఎండనే అద్దాల పలకలు పరిచి కరెంటుగా అమ్ముకుంటున్నాం. ఆ పంటకాలం, ఆ కరువు, రెండూ కథలైపోయాయి. అతను మాత్రం ఇంకా నిడుగల్లులోనే ఉన్నాడు, ఇక్కణ్ణుంచి బస్సెక్కితే ఎంతో దూరం కాదు. వెళ్ళలేక, కాగితం మీదైనా కక్కేద్దామని కూర్చుని ఇదంతా రాశాను. మా తాలూకాలో నోటి మాట తెలుగు, బడి చదువు కన్నడం. మా అమ్మ పుట్టిల్లు ఆంధ్ర కాబట్టి నాకు ఈ తెలుగు అక్షరాలు వచ్చాయి, అతనికి రావు. కన్నడంలో రాసి ఉంటే అతను చదివేవాడు. ఏ భాషలో రాయాలా అని నేను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.